గుర్రం దగ్గర వైరు

ఒకప్పుడు మా ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించిన మిత్రుడు మొన్న ఫోన్ చేశాడు. ఏళ్ళ తరబడి పలకరించనివాడు ఉన్నట్టుండి ఫోన్ చేస్తే నా వయసువాళ్ళకి ముందు భయమే వేస్తుంది. అనుకున్నంతా అయింది.

"బావ ఎల్లిపోనాడ్రా. మంగళారం. నీకెవులూ సెప్పనేదేటి?" అన్నాడు.

ఏ బావ అని అడగలేదు. విశాఖపట్నంలో మగాళ్ళందరూ ఒకరికొకరు బావలే. బస్సులో కాలు తొక్కినవాడు బావ, తొక్కించుకున్నవాడూ బావే. కానీ మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు ముందూ వెనకా ఏమీ తగిలించకుండా ఉత్త 'బావ' అంటే ఒక్కడే మనిషి. ఆయన పేరు నాకు తెలుసు. రాయను. దుకాణానికి బోర్డు కూడా పెట్టుకోని మనిషి పేరు, పోయాక నేను అచ్చు వేయించడం ఏం మర్యాద? "పేరు సూసి వచ్చీవోడికి పేరే రిపేరు సేసి ఇవ్వాల," అనేవాడు.

ఆ దుకాణం వన్ టౌన్‌లో, తాళ్ళూ వలలూ టోకున అమ్మే సందులో ఉండేది. దుకాణం అనడం కూడా ఎక్కువే. రెండు పెద్ద కొట్ల మధ్య మిగిలిపోయిన జాగాకి రేకు కప్పారు, అంతే. లోపలున్నవాడు బయటికొస్తే గానీ బయటున్నవాడు లోపలికి వెళ్ళలేడు. అందులో కూర్చుని ఆయన పడవల్లో వాడే వైర్‌లెస్ సెట్లూ, నీళ్ళ అడుగున చేపల గుంపు ఎక్కడుందో చూపించే మిషన్లూ బాగుచేసేవాడు. 

జాలరిపేట మనిషి. తండ్రి, ముగ్గురన్నలు వేటకి వెళ్ళినవాళ్ళే. ఈయనొక్కడికే పడవెక్కితే కడుపులో తిప్పేది. కుర్రతనంలో రెండుసార్లు తీసుకెళ్ళి, రెండుసార్లూ కాళ్ళూ చేతులూ పట్టి ఒడ్డుకి దించారట. జాలరిపేటలో అంతకంటే నామర్దా ఇంకోటి ఉండదు. ఆయన మాత్రం ఆ కథ తానే చెప్పుకుని నవ్వేవాడు. "నాను సముద్రంలో కక్కుకున్నానని అందరూ అంటారు గానీ, సముద్రమే నన్ను కక్కీసినాది బావా. ఎల్లి రేడియోలు సేసుకో పో, అన్నాది," అనేవాడు.

తొంభైల మధ్యలో నేను ఆయన దగ్గరికి వెళ్ళింది నా బేసు గిటారు గొడవతో. మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి వచ్చారు. తర్వాత నాకూ అక్కడే పని దొరికింది. షిఫ్టు లేని రోజుల్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆర్కెస్ట్రాలో బేసు వాయించేవాణ్ణి. కలకత్తాలో తయారైన బేసు. పందిట్లో ట్యూబులైట్లూ సీరియల్ బల్బులూ వెలిగించగానే అది గుయ్‌మని మొదలుపెట్టేది. పాట అయిపోయినా దాని గుయ్ అయ్యేది కాదు. ఊళ్ళో ఉన్న రిపేరువాళ్ళందరూ చూసి, "బేసంటే అంతేనండి," అని పంపేశారు. చివరికి మా డ్రమ్మరు నన్ను ఈ రేకు ముందు కూర్చోబెట్టాడు.

బావ బేసుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి, గిటారేనా? నాలుగు తీగలే ఉన్నాయేటి? మిగతా రెండూ తెంపీసినావా?" అన్నాడు. 

నాకు ఒళ్ళు మండింది. బేసుకి నాలుగే ఉంటాయని గట్టిగానే చెప్పాను. ఆయన వినిపించుకోకుండా స్క్రూలు విప్పి, లోపలి వైర్ల వంక చాలాసేపు చూశాడు. వలలు అల్లే సూది ఒకటి ఎప్పుడూ చెవి మీద ఉండేది. దాని మొనతో ఒక్కొక్క టంకాన్నీ చిన్నగా పొడిచాడు. మూడోది పుటుక్కున ఊడొచ్చింది.

"సూడ్డానికి అంటుకున్నట్టే ఉన్నాది. అంటుకోనేదు. డ్రై సోల్డరు," అన్నాడు.

రేడియో మెకానిక్కులందరూ వాడే మాటే అది. కానీ ఆయన మనుషులకి కూడా వాడేవాడు. తోడల్లుడు డ్రై సోల్డరు. ఎన్నికలప్పుడు చేతులు జోడించి వచ్చేవాళ్ళందరూ డ్రై సోల్డరే. ఒకసారి నన్ను కూడా అన్నాడు, రెండు వారాలు కనిపించకుండా పోయినందుకు.

ఆయన చేతి పని వేరు. ముందు ముడి, తర్వాత టంకం. వైరు కొసని కన్నంలోంచి దూర్చి, వల కట్టినట్టు ముడివేసి, లాగి చూసి, అప్పుడు గానీ టంకం పెట్టే ఐరన్ ముట్టుకునేవాడు కాదు. పడవ రోజంతా అదురుతుంది, ఉత్త టంకం ఎంతసేపు ఆగుతుంది అనేవాడు. టంకం చల్లారాక దాని మీద ఎర్రటి గోళ్ళరంగు పూసేవాడు. ఉప్పుగాలి తగలకుండా. ఆ గోళ్ళరంగు కొనడానికి ఫ్యాన్సీ షాపుకి వెళ్తే అమ్మేవాడు ప్రతిసారీ ముసిముసిగా నవ్వేవాడట. "మీ మేడమ్‌కి ఈ రంగే ఇష్టమా అండీ అని అడిగినాడు బావా. మేడమ్ సేపల బుట్ట నెత్తినెట్టుకుని ఎల్లినాది, వచ్చాక అడిగి సెప్తానన్నాను," అన్నాడు. 

తన చేతి జాయింటు ఊడిందని తిరిగొచ్చినవాడు లేడని ఆయనకి గర్వం. అది మాటల్లో చెప్పేవాడు కాదు. వేరేవాళ్ళు చెప్తే మాత్రం ఐరన్ పక్కనపెట్టి పూర్తిగా వినేవాడు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. బేసులో తీగలు కింద ఒక ఇనప ముక్క మీదుగా వెళ్ళి ఆగుతాయి. దాన్ని నేను గుర్రం అనేవాణ్ణి. చిన్నప్పుడు మా నాన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నప్పుడు, తీగల కింద నిలబెట్టే చెక్కముక్కని ఆయన గుర్రం అనే చెప్పారు. ఆ అలవాటే బేసుకీ వచ్చింది. బావకి ఆ మాట తెగ నచ్చేసింది. "గుర్రం! నలుగురు ఎక్కినా కదల్దు!" అని నవ్వి, ఆ గుర్రం అడుగు నుంచి ఒక వైరు లాగి ఎర్తుకి కలిపాడు. అలా కలిపితే తీగల మీద చెయ్యి పడగానే గుయ్‌మనడం తగ్గుతుంది. నా బేసు గొంతు ఆ సాయంత్రమే తేలికపడింది. అప్పటినుంచి ఊళ్ళో వాయించేవాళ్ళందరికీ ఆ గుర్రం వైరు వేసిపెట్టాడు. ఆయనకి 'గుర్రం' అన్న మాట ఇచ్చింది నేనే, అది గుర్తుంచుకోండి.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, తొంభైలు అయిపోతుండగా, వన్ టౌన్‌లో ఓడల మీంచి దిగిన ఫారిన్ సరుకు అమ్మే కొట్లో నాకు ఒక డబ్బా కనిపించింది. బేసుకి వేసుకునే యాక్టివ్ పికప్‌లు. పికప్ అంటే తీగ కదలికని పట్టుకుని కరెంటుగా మార్చేది. మామూలు పికప్ పంపే కరెంటు చాలా బలహీనం, దారిలో చెత్తంతా దానికి అంటుకుంటుంది. ఈ యాక్టివ్ రకంలో చిన్న ఆంప్లిఫయరు బేసు కడుపులోనే ఉంటుంది, తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. అదే గనక ఉంటే ఏ పందిట్లోనూ గుయ్ అన్న మాటే ఉండదని విన్నాను. కొనేశాను. ఇంట్లో ఎంతకి కొన్నానో చెప్పలేదు.

బావ ఆ డబ్బా విప్పిన తీరు నాకింకా కళ్ళముందే ఉంది. ముందు చేతులు కడుక్కున్నాడు. ఒక్కొక్క ముక్కా తీసి తెల్లకాగితం మీద వరసగా పెట్టాడు. స్పీకరు పెట్టెకి వెళ్ళే కేబులు గుచ్చే జాక్‌కి రెండు కాళ్ళు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. మూడో కాలు ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. తర్వాత రమ్మని నన్ను పంపేసి, మూడు రోజులు దాంతోనే ఉన్నాడు. నాలుగో రోజు వెళ్ళేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఎంత తెలివైనోడు బావా వీడు! బ్యాటరీ ఒక కొస ఆ మూడో కాలికి కట్టాల. కేబులు గుచ్చితే, ఆ కేబులే రెండు కాళ్ళనీ కలిపేస్తాది. ఎలిగిపోద్ది. పీకేస్తే ఆరిపోద్ది. స్విచ్చి నేకుండా స్విచ్చి ఎట్టినాడు!"

ఆయన ఎప్పుడూ చూడని, చూడబోని ఎవరో ఇంజనీరుని ఆ రోజంతా మెచ్చుకుంటూనే ఉన్నాడు. నేనైతే ఆ కిటుకు పట్టుకున్న నా గొప్పే చెప్పుకునేవాణ్ణి.

డబ్బాలో ఇంగ్లీషులో ఒక కాగితం ఉంది. ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ చదువు రాదు. నేను డిగ్రీ చదివినవాణ్ణి. "ఒక్క లైను కూడా ఒగ్గకుండా సదువు," అన్నాడు. చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఎర్ర వైరు ఎక్కడ, నల్ల వైరు ఎక్కడ, పాత నాబ్‌లు పనికిరావు, డబ్బాలోవే వాడాలి, అన్నీ చెప్పాను. కింద లావాటి నల్లక్షరాల్లో ఒక లైను ఉంది. బ్రిడ్జికి ఎర్తు వైరు కలపవద్దు అని.

"బ్రిడ్జా?" అన్నాడు బావ. "బ్రిడ్జంటే నాలుగు డయోడ్లు. ఏసీని డీసీ సేసీది. ఇది బ్యాటరీ మీద నడిసీది గదా, ఇందులో బ్రిడ్జేటి?"

నాకు తెలిసిన బ్రిడ్జి కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు ఆగిపోయేది ఒక్కటే. "ఇంకేదో మోడల్ కోసం రాసి ఉంటాడు," అన్నాను.

"అంతే అయ్యుంటాది. ఇందులో నేదు," అన్నాడు.

కాగితం రెండో వైపు గిటారు బొమ్మ ఒకటి గీసి, ఏ భాగం పేరేమిటో రాసి ఉంది. బావ అటు తిప్పబోతే, "అది గిటారంటే తెలియనివాళ్ళకి, మనకెందుకు," అన్నాను. సరేనని అన్ని వైర్లూ ముడివేసి, టంకం పెట్టి, ఎర్రరంగు పూసి, ఆఖరున ఎప్పటిలాగే గుర్రం అడుగు నుంచి ఎర్తుకి ఒక వైరు లాగి కట్టాడు.

బేసు మోగింది. అబ్బ, ఏం మోగింది! గుయ్ లేదు, చెత్త లేదు, తీగ వదిలేసిన తర్వాత నిశ్శబ్దం వినిపించింది. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ కబురు నెల తిరక్కుండా ఊరంతా పాకింది. ఫారిన్ కొట్టువాడు మరిన్ని డబ్బాలు తెప్పించాడు. నా తర్వాత ఇంకో అయిదు బేసులకి బావే వేశాడు. వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, "పాట అవ్వగానే కేబులు పీకెయ్యి. నేపోతే బ్యాటరీ సచ్చిపోద్ది," అని. మా వాళ్ళు అన్నం తినడానికి లేచినా కేబులు పీకి లేచేవారు.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆనందపురంలో నిశ్చితార్థం. మైకు సెట్టు వేరేవాళ్ళది. దాని వైరింగులో ఎక్కడో లోపం ఉండి మైకులోకి కరెంటు వచ్చేస్తోంది. మాకెవరికీ తెలియదు. గాయకుడి వెనక గొంతు కలపడానికి నేను బేసు వాయిస్తూనే మైకు మీదికి వంగాను. పెదవి తగిలింది.

ఆ తర్వాత నాకు గుర్తున్నది తెలుపు ఒక్కటే. వేళ్ళు తీగల మీద బిగుసుకుపోయాయి, అరవడానికి నోరు రాలేదు. మా డ్రమ్మరు వాయిస్తున్నది వాయిస్తున్నట్టే వదిలేసి వచ్చి ప్లగ్గుబోర్డుని కాలితో తన్నేశాడు. నేను వెనక్కి పడ్డాను. పెదవి కాలింది, ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు తెల్లగా పొక్కాయి. అంతకు మించి ఏమీ కాలేదు. డాక్టరు, "ఇంకో రెండు సెకన్లు ఉంటే మనం మాట్లాడుకునేవాళ్ళం కాదు," అన్నాడు.

మర్నాడు బావ మా క్వార్టర్‌కి వచ్చాడు. అదే మొదటిసారి రావడం. ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నా వేళ్ళు చూశాడు. ఎలా ఉందని అడగలేదు.

"ఆ కాగితం ఉన్నాదేటి?" అన్నాడు.

మా ఆవిడ వెతికి తెచ్చింది. మళ్ళీ మొదటినుంచీ చదివాను, కాలిన పెదవితో. బ్రిడ్జి దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపాడు. 

"బ్రిడ్జంటే ఇంకేటైనా ఉన్నాదేమో. మనకి తెల్దేమో," అన్నాడు.

మా ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుని వెనక్కి తిప్పింది. గిటారు బొమ్మలో తీగలు ఆగే చోట బాణం గుర్తు వేసి, పక్కన ఇంగ్లీషులో బ్రిడ్జి అని రాసి ఉంది. "మీరు గుర్రం అంటారు, ఇదేగా?" అంది.

మామూలు పికప్‌లకి ఆ గుర్రం వైరు ఉండాలి. యాక్టివ్ రకానికి అది అవసరమే లేదు. లేకపోతే తీగలు దేనికీ కలవవు, ఒంట్లోంచి కరెంటు పోవడానికి అటువైపు దారే ఉండదు. అది ఉండబట్టే మైకులోని కరెంటు నా పెదవి నుంచి వేళ్ళ మీదుగా తీగల్లోకి, అక్కణ్ణించి ఎర్తుకి పోయింది. వద్దని ఆ కంపెనీవాడు నల్లక్షరాల్లో రాసి పంపాడు. ఇద్దరం కలిసి దాన్ని ఇంకేదో మోడల్‌కి అంటగట్టాం.

"తప్పు నాది బావా. చదివింది నేను," అన్నాను.

"సదివింది నువ్వే. గానీ వైరు అంటించిన సెయ్యి నాది," అన్నాడు. "అర్థం గానప్పుడు ఆగాల. ఆగనేదు. నాకు తెల్నిదాన్ని ఇందులో నేదు అనీసినాను." నా బేసు ముందుకి లాక్కుని, "అక్కర్నేని సావు కట్టి ఇచ్చినాను అయిదుగురికి," అన్నాడు.

నేను ఆరుగురు అనుకున్నాను. నన్ను లెక్కలోంచి అప్పటికే తీసేశాడు, ఎందుకంటే మాట్లాడుతూనే నా బేసు స్క్రూలు విప్పి గుర్రం వైరు తీసెయ్యడం మొదలుపెట్టాడు. తన చేతి జాయింటుని తానే కొయ్యడం ఆయనకి అదే మొదలు. ముడి గట్టిది, ఎంతకీ రాలేదు. పంటితో కొరికాడు.

మిగతా అయిదు బేసులూ ఎక్కడెక్కడున్నాయో మా డ్రమ్మరుకి తెలుసు. వాడు లోకం తెలిసినవాడు. "బావా, తప్పు సేసినానని సెప్పకు. ఫ్రీ సర్వీసింగని సెప్పు. నేపోతే రేపట్నుంచి నీకాడికెవుడొస్తాడు?" అన్నాడు. బావ సరేనన్నాడు. పాత మోపెడ్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని మొదటి ఇంటికి వెళ్ళి సర్వీసింగనే చెప్పాడు. ఆ కుర్రాడు, "ఇప్పుడు సీజను కదా అంకుల్, వచ్చే నెల తెస్తాలే," అన్నాడు. బావ తిరిగొచ్చి మోపెడ్ ఎక్కబోయి దిగిపోయాడు. 

"సర్వీసింగంటే ఎవుడికీ తొందరుండదు," అన్నాడు నాతో. మళ్ళీ లోపలికి వెళ్ళి, "బాబూ, నాను తప్పు వైరు కట్టినాను. దీంతో నువ్వు సచ్చిపోగలవు. ఇప్పుడే తీసీయాల," అని చెప్పాడు. కుర్రాడి మొహం పాలిపోయింది. బేసు పరుగున తెచ్చి ఇచ్చాడు. 

అక్కణ్ణించి ప్రతిచోటా అదే మాట. ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన బేసు మా చేతిలో పెట్టకుండా, వేరే మెకానిక్కు చేత చేయించుకుంటానని తలుపు వేశాడు. బావ ఆ వేరే మెకానిక్కు ఎవరో కనుక్కుని, వాడి దుకాణంలో కూర్చుని, వైరు తెగాక లేచాడు. డ్రమ్మరు చెప్పింది నిజమే అయింది. బేసులూ గిటార్లూ తర్వాత ఆయన దగ్గరికి పెద్దగా రాలేదు. తన పాటికి తాను పడవల సెట్లు చేసుకున్నాడు. మంచి పని చేస్తే మంచి జరుగుతుందని రాయాలని నాకూ ఉంది. జరగలేదు, ఏం చెయ్యను? నాకు ఇప్పటికీ ఆ వాయిద్యగాళ్ళ మీద కోపమే.

అయిదోది గాజువాక అవతల ఒక చర్చిలో ఉంది. ఆదివారం ఉదయం వెళ్ళాం. ప్రార్థనకి ఇంకా ఇరవై నిమిషాలుంది, జనం చాపల మీద సర్దుకుంటున్నారు. బేసు ఒక అమ్మాయి మెడలో ఉంది. నర్సు ట్రైనింగు చేస్తోంది. వాయించేదీ తనే, మైకు పట్టుకుని పాడేదీ తనే. అది చూడగానే బావ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మిగతా నలుగురూ వాయించడం వరకే. ఈ పిల్ల వారం వారం తీగల మీద చేతులు పెట్టి, మైకుకి పెదవులు ఆనిస్తోంది.

బావ చర్చి పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పాడు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

"ఇప్పుడు విప్పడం కుదరదండి. ప్రార్థన అయ్యాక చూద్దాం. ఏడాది నుంచి వాయిస్తోంది, ఏమీ అవలేదు కదా?"

"అవనేదు గనకే వచ్చినానండి. అయ్యాక రావడానికి నాను డాక్టర్ని గాను."

"మీరు కట్టిందే కదా?"

"నాను కట్టిందేనండి. తప్పు కట్టినాను," అన్నాడు బావ. గొంతు తగ్గించలేదు. ముందు వరసల్లో వాళ్ళందరూ తలెత్తి చూశారు. 

అమ్మాయి దగ్గరికొచ్చింది. "అంకుల్, మైకు తగిలితే పెదవుల మీద చిమచిమలాడుతుంది. అందుకేనా? అలవాటైపోయిందనుకున్నాను," అంది. 

బావ జేబులోంచి టెస్టరు తీసి మైకు మూతికి ఆనించాడు. టెస్టరు లోపల బల్బు ఎర్రగా వెలిగింది, సన్నగా. ఇంకొంచెం ఎక్కువైతే ఏమవుతుందో నా వేళ్ళకి తెలుసు. పెద్దాయన కూడా వంగి ఆ ఎర్రటి చుక్కని చూశాడు. జనం వైపు తిరిగి, ప్రార్థన కాస్త ఆలస్యమవుతుందని చెప్పాడు. 

బావ నేల మీద బాసింపట్టు వేసుకుని బేసుని ఒళ్ళో పెట్టుకున్నాడు. చుట్టూ పిల్లలు మూగారు. స్క్రూలు విప్పి, గుర్రం వైరు కోసి, కొసకి టేపు చుట్టి, మళ్ళీ మూశాడు. తర్వాత మైకు సెట్టు ప్లగ్గు విప్పి చూస్తే ఎర్తు వైరు ఊడిపోయి వేలాడుతోంది. దాన్ని ముడివేసి బిగించాడు. టెస్టరు మళ్ళీ పెడితే వెలగలేదు. నేను లేచాను, ఇంక వెళ్దామని.

"ఉండు. మెయిను స్విచ్చి మీద సెయ్యెట్టు," అన్నాడు నాతో. "నా మొకం మారితే దించీ."

"టెస్టరు చూశావు కదా బావా."

"ఒకపాలి కాగితం కూడా సూసినాను."

"అయితే నేను పట్టుకుంటాను. నాకు అలవాటే," అన్నాను, నవ్వించడానికి. 

ఆయన నవ్వలేదు. "నీ వంతు అయిపోయినాది," అని బేసు మెడలో వేసుకున్నాడు. ఎన్ని బేసులు బాగుచేసినా ఒక్కటీ మెడలో వేసుకున్నవాడు కాదు. బెల్టు తిరగేసి తగిలించుకున్నాడు, పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్మాయి వచ్చి సరిచేసింది. కేబులు గుచ్చాడు. ఎడమ అరచెయ్యి మొత్తం నాలుగు తీగల మీదా అదిమిపెట్టాడు.

నేను గోడ దగ్గర స్విచ్చి పట్టుకుని ఆయన మొహాన్నే చూస్తున్నాను. ఒకసారి నా వైపు చూశాడు. సముద్రం మీదికి వెళ్ళలేని మనిషని జాలరిపేటలో నవ్వుకునేవాళ్ళు ఆ నిమిషం అక్కడ ఉంటే బాగుండేదనుకున్నాను. ఆయన వంగి, రెండు పెదవులూ మైకుకి పూర్తిగా ఆనించి, ఆగాడు. తర్వాత హాలు రెండు చివర్ల స్పీకరు పెట్టెల్లోంచీ ఆయన గొంతు వచ్చింది, కాస్త వణుకుతూ.

"ఏటీ అవనేదు."